టాలీవుడ్ అంటే ఊరా, భాషా, పరిశ్రమా?

2023 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన 95వ ఆస్కార్ వేడుకలో ‘నాటు నాటు’ పాటకు పురస్కారం వచ్చిన రాత్రే ఒక చిన్న వివాదం కూడా పుట్టింది. వేదిక మీది వ్యాఖ్యాత ‘ఆర్‌ఆర్‌ఆర్’ను బాలీవుడ్ సినిమాగా ప్రస్తావించడంతో, అది బాలీవుడ్ కాదు టాలీవుడ్ అంటూ తెలుగు ప్రేక్షకులు సామాజిక మాధ్యమాల్లో విరుచుకుపడ్డారు. అంతకు రెండు నెలల ముందే అమెరికాలో జరిగిన ఒక ప్రదర్శనలో దర్శకుడు రాజమౌళి ఇదే సంగతి స్పష్టం చేశారు. అయితే ఆయన టాలీవుడ్ అనలేదు, దక్షిణ భారతం నుంచి వచ్చిన తెలుగు సినిమా అన్నారు. ఈ రెండు సవరణల మధ్య ఉన్న తేడా చిన్నదిగా కనిపించినా, మన సినిమా రంగాన్ని ఏమని పిలవాలన్న చిక్కంతా అందులోనే ఉంది.

రోజూ వాడుతున్న మాటలు మనకు కనీసం నాలుగున్నాయి: టాలీవుడ్, తెలుగు సినిమా, చిత్రపరిశ్రమ, ఇండస్ట్రీ. చిత్రసీమ, సినీరంగం వంటివి పత్రికల్లో శైలి కోసం వచ్చిపోతుంటాయి, వాటిని పక్కన పెట్టవచ్చు. మొదటి నాలుగూ ఒకదానికొకటి పర్యాయపదాలని అనుకుంటాం గానీ, ఒక్కోటి గీసే గిరి ఒక్కో రకం. చర్చల్లో గందరగోళం ఎక్కువగా ఒక గిరి గురించి మొదలైన మాట ఇంకో గిరిలోకి జారిపోవడం వల్లే వస్తుంది.

కలకత్తా శివారులో పుట్టిన పేరు

హాలీవుడ్ అన్నది మొదట ఒక ఊరి పేరు. 1910లో లాస్ ఏంజెలెస్ నగరంలో కలిసిపోయిన ఆ ఊళ్లోకి సినిమా స్టూడియోలు వచ్చి చేరాక, ఊరి పేరు కాస్తా అమెరికా సినిమా వ్యాపారం మొత్తానికి పేరైంది. కొండ మీద కనిపించే ఆ పెద్ద అక్షరాలు కూడా 1923లో ఇళ్ల స్థలాలు అమ్మేందుకు పెట్టిన ప్రకటనే, వాటికి సినిమాతో సంబంధమే లేదు.

ఆ పేరును అనుకరిస్తూ మన దేశంలో తొలిసారి పుట్టిన మాట బాలీవుడ్ కాదు, టాలీవుడ్. అదీ హైదరాబాదులో కాదు, కలకత్తాలో. నగరానికి దక్షిణాన టాలీగంజ్ అనే ప్రాంతం ఉంది. 18వ శతాబ్దంలో అక్కడ కాలువ తవ్వించిన విలియం టాలీ అనే ఆంగ్లేయ అధికారి పేరు ఆ ప్రాంతానికి స్థిరపడింది. 1930ల ఆరంభంలో స్టూడియోలు అక్కడ వెలిశాయి. బి.ఎన్. సర్కార్ స్థాపించిన న్యూ థియేటర్స్ వాటిలో ప్రసిద్ధమైనది. ఆ రోజుల్లో మన దేశంలో టాకీల ధ్వని యంత్రాల మీద పనిచేసిన విల్ఫర్డ్ డెమింగ్ అనే అమెరికన్ ఇంజనీరు, 1932లో అమెరికాలోని ఒక సినిమా సాంకేతిక పత్రికకు రాసిన వ్యాసంలో టాలీగంజ్‌ను సరదాగా టాలీవుడ్ అన్నారు. హాలీ, టాలీ అన్న పేర్ల ప్రాస ఆ చమత్కారానికి ఆధారం.

ఈ పేరు ఈనాటికీ బెంగాల్‌లో సజీవంగా ఉంది. కోల్‌కతా పత్రికల్లో టాలీవుడ్ అంటే బెంగాలీ సినిమా, హైదరాబాదు పత్రికల్లో తెలుగు సినిమా. ఎవరు ఎక్కడ కూర్చుని చదువుతున్నారన్న దాన్నిబట్టి అర్థం మారే అరుదైన మాటల్లో ఇదొకటి.

బాలీవుడ్ దీని తర్వాతి తరం మాట. బొంబాయిలోని తొలి అక్షరంతో తయారైన ఆ పదానికి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపే తొలి ప్రయోగం 1976 నాటిది. ఎవరు పుట్టించారన్న దానిపై ఒకరికి మించి హక్కుదారులు ఉన్నారు, ఆ తగాదా మనకు అక్కర్లేదు. మనకు కావలసింది ఒక్కటే. టాలీవుడ్ పుట్టింది పూర్తి ప్రాసతో, పక్కాగా ఒక స్థలానికి; బాలీవుడ్ నాటికి ఒక్క అక్షరం మారిస్తే చాలన్న పద్ధతి స్థిరపడింది. ఆ పద్ధతి దేశదేశాలకూ పాకి లాహోర్‌కు లాలీవుడ్, నైజీరియాకు నాలీవుడ్ పుట్టాయి.

ఒక అక్షరం ఊరిదా, భాషదా?

దక్షిణాదిలో ఈ పేర్లను వరుసగా పెట్టి చూస్తే వాటి తయారీలో తేడా బయటపడుతుంది. తమిళ సినిమాకు కోలీవుడ్ అన్న పేరు మద్రాసులోని కోడంబాక్కం నుంచి వచ్చింది, అది స్థలం పేరు. కన్నడ సినిమాను శాండల్‌వుడ్ అనడానికి కారణం కర్ణాటకకు పేరు తెచ్చిన గంధపు చెక్క, అక్కడ అక్షరం మార్పిడే లేదు. మలయాళ సినిమాకు మాలీవుడ్, తెలుగు సినిమాకు టాలీవుడ్ అన్నప్పుడు మాత్రం ముందున్న అక్షరం ఊరిది కాదు, భాషది.

తెలుగుకు స్థలం పేరు ఎందుకు అతకలేదన్నది ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం. దానికి జవాబు మన సినిమా తిరిగిన ఊళ్లలో ఉంది.

రఘుపతి వెంకయ్య మూకీల కాలంలో స్టూడియో పెట్టింది మద్రాసులో. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ చిత్రీకరణ జరిగింది బొంబాయిలో, విడుదలైంది 1932లో, అంటే కలకత్తాలో టాలీవుడ్ అన్న మాట పుట్టిన సంవత్సరంలోనే. ఆ వెంటనే సి. పుల్లయ్య ‘లవకుశ’ వంటి చిత్రాలను ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి తీసింది కలకత్తాలో. తెలుగు సినిమాలు కొన్ని అసలు టాలీవుడ్ ఉన్న నగరంలోనే తయారయ్యాయన్న మాట! తెలుగు నేల మీద స్టూడియో కోసం 1936లో రాజమండ్రిలో దుర్గా సినీటోన్, ఆ మరుసటి ఏడాది విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ మొదలైనా అవి ఎక్కువ కాలం నిలవలేదు. పంపిణీ కార్యాలయాలు విజయవాడ గాంధీనగర్‌లో, నటులూ సాంకేతిక నిపుణులూ మద్రాసులో ఉంటూ దశాబ్దాలు గడిచాయి.

1957 నాటి ‘మాయాబజార్’ను తీసుకుందాం. నిర్మించింది తెలుగు వారి విజయా సంస్థ, దర్శకుడు కె.వి. రెడ్డి, చిత్రీకరణ మద్రాసు వడపళనిలోని వాహినీ స్టూడియోలో, అదీ తెలుగు, తమిళ భాషల్లో ఒకేసారి. వడపళని కోడంబాక్కానికి ఆనుకునే ఉంటుంది. స్థలం ప్రకారం పేరు పెట్టాలంటే తెలుగువారు తమ గొప్ప సినిమాగా చెప్పుకునే చిత్రాన్ని కోలీవుడ్ సినిమా అనాలి. పెట్టుబడి ప్రకారం అయితే తమిళ ప్రతి కూడా తెలుగువారి లెక్కలోకి రావాలి. భాష ప్రకారం అయితేనే తెలుగు ప్రతి తెలుగుకు, తమిళ ప్రతి తమిళానికి చేరి లెక్క సరిపోతుంది. ఎవరూ కూర్చుని ఇలా తర్కించి నిర్ణయించలేదు గానీ, తెలుగు సినిమాకు భాష తప్ప నిలకడైన చిరునామా లేకపోయిందన్నది మాత్రం వాస్తవం.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ప్రభుత్వ ప్రోత్సాహకాలు, సారథీ స్టూడియో, 1970ల మధ్యలో అక్కినేని అన్నపూర్ణ స్టూడియో, ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, ఇలా ఒక్కొక్కటిగా హైదరాబాదు వైపు మొగ్గు పెరిగి, 1990ల నాటికి తరలింపు దాదాపు పూర్తయింది. పోనీ అప్పుడైనా ఊరి పేరు పెట్టుకుందామంటే హైదరాబాదు తొలి అక్షరంతో తయారయ్యే మాట మళ్లీ హాలీవుడ్డే!

చట్టం దృష్టిలో పరిశ్రమ

టాలీవుడ్ అన్న మాట ఏ చట్టంలోనూ లేదు. సెన్సార్ ధ్రువపత్రం మీద ఉండేది సినిమా భాష, జాతీయ పురస్కారాల్లో ఉండేది ఉత్తమ తెలుగు చిత్రం అన్న విభాగం. ప్రభుత్వాలు, వాణిజ్య మండళ్లు వాడే మాట చలనచిత్ర పరిశ్రమ. దీన్ని టాలీవుడ్‌కు గంభీరమైన తెలుగు రూపంగా చూడటం మామూలే గానీ, పరిశ్రమ అన్న మాటకు తనదైన చట్టబద్ధ చరిత్ర ఉంది.

1998 మే నెలలో కేంద్ర ప్రభుత్వం సినిమా రంగానికి పరిశ్రమ హోదా ఇస్తున్నట్టు ప్రకటించింది. అంతవరకూ సినిమా పరిశ్రమ కాదా అంటే, వాడుకలో అవును, రుణాల విషయంలో కాదు. బ్యాంకులూ ఆర్థిక సంస్థలూ సినిమాకు అప్పు ఇవ్వడానికి వెనకాడేవి, నిర్మాత ప్రైవేటు ఫైనాన్షియర్లనూ, విడుదలకు ముందే డబ్బు కట్టే డిస్ట్రిబ్యూటర్లనూ నమ్ముకోవాల్సి వచ్చేది. 2000లో భారత పారిశ్రామికాభివృద్ధి బ్యాంకు చట్టం కింద నోటిఫికేషన్ వచ్చాకే సంస్థాగత రుణాలకు దారి ఏర్పడింది. ఇక్కడ పరిశ్రమ అంటే అప్పు పుట్టే వ్యాపారం.

రాజ్యాంగంలో ఇంకో విభజన ఉంది. ప్రదర్శనకు సినిమాలను అనుమతించడం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితా 60వ అంశం. సినిమా హాళ్లు రాష్ట్ర జాబితా 33వ అంశం. అందుకే కత్తెర గురించి కేంద్ర బోర్డుతోనూ, టికెట్ ధర గురించి రాష్ట్ర ప్రభుత్వంతోనూ మాట్లాడాలి. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఈ రెండో భాగం మాత్రమే చీలింది. ఒకే సినిమాకు తెలంగాణలో ఒక ధర, ఆంధ్రప్రదేశ్‌లో ఒక ధర ఉండవచ్చు, అదనపు ఆటలకు రెండు చోట్లా విడివిడిగా జీవోలు రావాలి. సినిమా మాత్రం ఒకటే, భాషా ఒకటే. టాలీవుడ్ ఏ రాష్ట్రానిది అన్న ప్రశ్న అప్పుడప్పుడూ లేస్తుంటుంది. కార్యాలయాలూ స్టూడియోలూ అధికంగా ఏ రాష్ట్రంలో ఉన్నాయన్న అర్థంలో అడిగితే తెలంగాణ అన్నది సూటి సమాధానం. ఆ మాట భాషను సూచిస్తుందనుకుంటే మాత్రం ప్రశ్నే నిలవదు.

ఇండస్ట్రీ అంటే ఎవరు?

సినిమా వాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు టాలీవుడ్ అని అనడం తక్కువ. వాళ్ల మాట ఇండస్ట్రీ. ఇండస్ట్రీకి వచ్చి పదేళ్లయింది అంటారు, ఇండస్ట్రీలో తెలిసినవాళ్లు ఉన్నారా అని అడుగుతారు, ఇండస్ట్రీ పెద్ద అని ఒకరిని గౌరవిస్తారు. ఈ వాడుకల్లో అది వ్యాపారం కాదు, ఒక మనుషుల సమూహం. లోపల ఎవరు, బయట ఎవరు అన్న గీత అందులో ఉంటుంది.

ఆ గీతకు లోపల కూడా అందరూ ఒకటి కాదు. ఫిలింనగర్ వర్గాల సమాచారం అని పత్రికలు రాస్తే నిర్మాతలు, హీరోలు, దర్శకుల మాట అని అర్థం. అక్కడికి కూతవేటు దూరంలోనే ఉన్న కృష్ణానగర్ పేరు ఎత్తితే అవకాశం కోసం తిరిగే సహాయ దర్శకులు, జూనియర్ ఆర్టిస్టులు, అద్దె గది పంచుకునే కుర్రాళ్లు గుర్తొస్తారు. కృష్ణానగర్ కష్టాలు అన్నది సినిమా ఇంటర్వ్యూల్లో దాదాపు నానుడి అయిపోయింది. రెండు పేర్లూ హైదరాబాదులో ఒకే మూలన ఉన్న కాలనీలవే, రెండూ ఇండస్ట్రీయే. కానీ ఒకదాని బదులు ఇంకోటి వాడితే వార్త అర్థమే మారిపోతుంది.

ఈ తేడా 2025లో రెండుసార్లు స్పష్టంగా బయటపడింది. ఆ ఏడాది వేసవిలో థియేటర్ల యజమానులు అద్దె పద్ధతి తమకు గిట్టుబాటు కావడం లేదనీ, వసూళ్లలో శాతం కావాలనీ పట్టుబట్టి హాళ్ల మూసివేత దాకా మాట తెచ్చారు. అద్దె పద్ధతిలో సినిమా ఆడినా ఆడకపోయినా హాలుకు నిర్ణీత మొత్తం అందుతుంది. శాతం పద్ధతిలో వసూలైన దాంట్లోనే వాటా. పెద్ద సినిమా వచ్చిన వారం అద్దె పద్ధతి నిర్మాత పక్షానికి లాభం, జనం రాని వారం అదే పద్ధతి హాలు యజమానికి రక్ష. ఇక ఆగస్టులో 24 శాఖల కార్మిక సంఘాల ఫెడరేషన్ 30 శాతం వేతన పెంపు కోరడంతో షూటింగులు ఆగిపోయాయి. రెండు సందర్భాల్లోనూ ఇండస్ట్రీ నష్టపోతోందన్న వాక్యం అందరి నోటా వినిపించింది. నిర్మాత అన్నప్పుడు ఆగిపోయిన సెట్టు మీద వడ్డీ, కార్మికుడు అన్నప్పుడు పోయిన రోజు బేటా (దినభత్యం), హాలు యజమాని అన్నప్పుడు ఖాళీ కుర్చీలు. వాక్యం ఒక్కటే, నష్టపోతున్నవారు వేరు వేరు. పదం విస్తృతి పెరిగేకొద్దీ అది ఎవరి తరఫున మాట్లాడుతోందో కనిపెట్టడం కష్టమవుతుంది, వార్తలు చదివేటప్పుడు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే.

అనుకరణ అన్న అభ్యంతరం, అలవాటు అన్న సమాధానం

టాలీవుడ్ అన్న మాట మీద అభ్యంతరాలు రెండు రకాలు. మొదటిది ఆత్మగౌరవానికి సంబంధించినది. తొంభై ఏళ్లు దాటిన టాకీ చరిత్ర, తన సొంత కథన సంప్రదాయం ఉన్న సినిమాను అమెరికా ఊరి పేరుకు తోకగా ఎందుకు పిలవాలన్నది ఆ వాదం. ఇది తెలుగువారిదే కాదు, బాలీవుడ్ అన్న మాట తనకు నచ్చదని అమితాబ్ బచ్చన్ అనేకసార్లు చెప్పారు. రెండోది స్పష్టతకు సంబంధించినది. బెంగాలీలు ముందే వాడుతున్న పేరు కాబట్టి బయటివారికి అయోమయం తప్పదు, తెలుగు సినిమా అంటే ఆ ఇబ్బంది ఉండదు. నా దృష్టిలో మొదటి దానికంటే రెండోదే బలమైనది. ఆస్కార్ వేదిక మీది పొరపాటును సరిదిద్దడానికి టాలీవుడ్ అన్నవారి మాట విదేశీ పాఠకుడికి ఇంకో తెలియని పేరుగానే మిగిలింది, తెలుగు అన్న మాట మాత్రం ఒక భాషనూ ఒక జనాన్నీ పరిచయం చేసింది.

అవతలి పక్షం వాదన కొట్టిపారేయదగ్గది కాదు. మాట ఎక్కడ పుట్టిందన్నది దాని వాడుకను శాసించదని వారంటారు. దానికి సినిమా వ్యాపారంలోనే మంచి సాక్ష్యం ఉంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన జిల్లాలను ఆంగ్లేయులు సీడెడ్, అంటే అప్పగించినవి, అన్నారు. ఆ అవమానకరమైన పేరు వద్దని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. అయినా డిస్ట్రిబ్యూటర్ల లెక్కల పుస్తకాల్లో ఈనాటికీ అది సీడెడ్డే. నిజాం పాలన 1948లో ముగిసినా తెలంగాణ హక్కులు నైజాం పేరుతోనే అమ్ముడుపోతున్నాయి. ఈ రెండు మాటలనూ పలికేవారిలో కంపెనీ దొరల పట్ల గానీ నిజాం పట్ల గానీ భక్తి ఉందని ఎవరూ అనుకోరు. టాలీవుడ్ కూడా అలాగే, శీర్షికలో ఇమిడే పొట్టి మాట, చదవగానే తెలుగు పాఠకుడికి అర్థమయ్యే మాట, అంతవరకే అన్నది వారి వైఖరి.

అలవాటు వాదన ఇంటి లోపలి వాడుకకు సరిపోతుంది, బయటివారికి వివరించాల్సి వచ్చినప్పుడే బలహీనపడుతుంది. సీడెడ్ అన్న మాటను మనం ఎవరికీ ఎగుమతి చేయలేదు కదా.

ఇండస్ట్రీ హిట్ లెక్కలో కొత్త చిక్కు

ఈ గిరుల గందరగోళం అభిమానుల రోజువారీ వాదాల్లో బాగా కనిపించే చోటు ఇండస్ట్రీ హిట్ అన్న బిరుదు. అంతవరకూ ఉన్న వసూళ్ల రికార్డును దాటిన సినిమాను అలా అంటారు. తెలుగులో లెక్క ఎక్కువగా షేర్ మీద నడుస్తుంది. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్, అందులోంచి పన్నులు, హాలు అద్దె పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. సినిమా నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, కోస్తా జిల్లాల్లోనే ప్రధానంగా ఆడిన రోజుల్లో ఈ బిరుదు మీద తగాదా ఉన్నా, లెక్కించే పరిధి మీద తగాదా లేదు.

ఇప్పుడు రెండు ఊహాజనిత సినిమాలను పక్కపక్కన పెడదాం. మొదటిది ఐదు భాషల్లో విడుదలై అన్ని చోట్లా కలిపి 300 కోట్ల షేర్ తెచ్చింది, అందులో తెలుగు రాష్ట్రాల వాటా 120 కోట్లు. రెండోది తెలుగులోనే విడుదలై మొత్తం 200 కోట్లు తెచ్చింది, అందులో తెలుగు రాష్ట్రాల నుంచే 160 కోట్లు. ఇండస్ట్రీ అంటే తెలుగు నిర్మాతల వ్యాపారం అనుకుంటే మొదటిది ఇండస్ట్రీ హిట్. ఇండస్ట్రీ అంటే తెలుగు రాష్ట్రాల మార్కెట్ అనుకుంటే రెండోది. తెలుగు భాషా ప్రతి వసూళ్లనే లెక్కించాలంటే మొదటి సినిమా హిందీ, తమిళ, కన్నడ, మలయాళ ప్రతుల డబ్బు తీసేసి, బెంగళూరులోనూ అమెరికాలోనూ తెలుగు ప్రతి తెచ్చిన డబ్బు కలపాలి, అప్పుడు జవాబు ఎటైనా తేలవచ్చు. ఇద్దరు అభిమానులూ నిజమైన అంకెలే చెబుతూ రాత్రంతా వాదించుకోవడానికి ఇది చాలు.

పాన్ ఇండియా అన్న మాట ఈ చిక్కు విప్పుతుందని కొందరు ఆశిస్తున్నారు. అది విడుదల తీరును చెప్పే మాట, సినిమా ఎక్కడిదో చెప్పదు. హైదరాబాదులో తెలుగు దర్శకుడు, హిందీ కథానాయికతో, తమిళ ఛాయాగ్రాహకుడితో తీసి పది రాష్ట్రాల్లో విడుదల చేసిన సినిమా పాన్ ఇండియా అవుతుంది. అదే సమయంలో రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టు వేసుకుని ముంబై సంస్థ తీసే హిందీ సినిమా కూడా పాన్ ఇండియా కావచ్చు. రెండింటికీ పనిచేసే లైట్‌మెన్, సెట్ వడ్రంగులు, ప్రొడక్షన్ కుర్రాళ్లు చాలావరకు హైదరాబాదు వారే. వారిని అడిగితే రెండు చోట్లా ఇండస్ట్రీలోనే పనిచేశామంటారు. రెండో సినిమాను టాలీవుడ్ లెక్కలో ఎవరూ వేయరు.